కూలి అడిగితే ఆట మైలపడిందట!

"ఆట మీద ప్రేమ ఉంటే డబ్బులెందుకు?" ఈ మాట వినని ఆటగాడు లేడు. వినసొంపుగానే ఉంటది. ఈ మాట ముందుగా ఎవరి నోట వచ్చింది, ఎవరిని ఆపడానికి వచ్చింది అని మేం అడుగుతున్నాం.

1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టింది కలిగినవాళ్లు. వాళ్ల లెక్కలో డబ్బు ముట్టకుండా ఆడేవాడు 'అమెచ్యూర్', పెద్దమనిషి. డబ్బు తీసుకుని ఆడేవాడు 'ప్రొఫెషనల్', కూలోడు. గీత అక్కడ గీశారు. దొరబిడ్డ ఆడినా ఆడకున్నా ఇంట్లో కుండ ఉడుకుతది. లాంకషైర్ నూలుమిల్లు కార్మికుడు ఒక పూట పని మానితే ఆ పూట కూలి పోతది. ఇద్దరినీ ఊరికే ఆడమనడం సమానత్వమా? పీకల్దాకా తిన్నోడినీ, పస్తున్నోడినీ కలిపి ఉపవాసం చెయ్యమన్నట్టుంది!

1883లో మిల్లు పనివాళ్లు, చేతిపనివాళ్లు ఆడిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో ఈటన్ బడి దొరల జట్టును 2-1తో ఓడించింది. మరుసటేడు, 1884లో, ఆటగాళ్లకు డబ్బులిచ్చారని ప్రెస్టన్ జట్టును కప్పు నుంచి గెంటేశారు. ఉత్తరాది క్లబ్బులు వేరుకుంపటి పెడతామని తెగేసి చెప్పాక, 1885 జూలైలో కూలిని ఒప్పుకున్నారు.

కూలిని ఒప్పుకున్నారు గానీ గీత చెరపలేదు. ప్రొఫెషనల్ ఆటగాడు అసోసియేషన్ కమిటీల్లో కూర్చోరాదని మెలిక పెట్టారు. ఆడు, కూలి తీసుకో, నోరు మాత్రం తెరవకు! 1901 నుంచి వారానికి 4 పౌండ్లు మించి ఇవ్వరాదన్నారు. కనీస కూలి గురించి విన్నాం. గరిష్ట కూలి ఎక్కడన్నా విన్నామా? గేటు దగ్గర వసూలయ్యే డబ్బుకు మాత్రం అట్లాంటి హద్దు లేదు.

1907లో మాంచెస్టర్‌లో ఆటగాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1909లో అసోసియేషన్ హుకుం వేసింది: సంఘం వదలండి, లేకుంటే ఆట వదలండి. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు సంఘాన్ని వదల్లేదు. 'వెలివేసినోళ్ల క్లబ్బు' అని పలక మీద రాసి, దాన్ని ముందు పెట్టుకుని ఫోటో దిగారు. వెలిని చూసి తలదించుకోలేదు, దాన్నే పేరు చేసుకున్నారు. గరిష్ట కూలి పోయింది మాత్రం 1961లోనే, అదీ సమ్మె చేస్తామని సంఘం నిలబడితేనే. అమెచ్యూర్, ప్రొఫెషనల్ అనే గీతను అసోసియేషన్ 1974లో గానీ చెరపలేదు.

మన దగ్గర? 1950లలో రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు దేశాన్నే గెలిచింది. పేరుకు అమెచ్యూర్లే. ఇల్లు గడిపింది పోలీసు జీతం. కొలువు దొరికినోడు ఆటలో నిలిచాడు. కొలువు దొరకనోడి ప్రతిభ ఏ గట్టున రాలిపోయిందో ఎవరు లెక్క రాశారు?

ప్రేమతో ఆడేవాళ్లను మేం తప్పుపట్టడం లేదు. ఆ ప్రేమను అడ్డం పెట్టుకుని కూలి ఎగ్గొట్టేవాళ్లనే నిలదీస్తున్నాం. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఏ ఊళ్లో టోర్నమెంటు పెట్టినా మూడు ప్రశ్నలు వెయ్యండి. వసూలైన డబ్బు ఎవరి చేతిలో ఉంది? కాలు విరిగినోడి ఖర్చు ఎవరు భరిస్తారు? కమిటీలో ఆడేవాడికి కుర్చీ ఉందా?

కూలి ఇచ్చి కుర్చీ ఇవ్వకపోతే, గీత ఇంకా చెరగనట్టే.