కలుపని ఎవరన్నరు?

న్యాల్‌కల్ నల్లరేగళ్లలో వానలు వెనకబట్టాక శనగ వేస్తారు. నేలలో దాగిన తడితోనే అది పండాలి. గూడేల నుంచి, తాండాల నుంచి చదువుకొచ్చి ఈ పక్క బడుల్లో పాఠాలు చెబుతున్న మమ్మల్ని మా అమ్మలు కలుపు కూలితోనే పెంచారు. అందుకే ‘మందు కొట్టు, కూలి మిగులు’ అనే మాటతో మాకు తగాదా ఉంది.

అసలు ఆ మందు చేసేదేమిటో చూద్దాం. శనగ విత్తిన 48 గంటల్లోపు పెండిమిథాలిన్ కొట్టమంటారు, ఎకరాకు లీటరు పైనే. అది పనిచేయాలంటే పైమట్టి తడిగా ఉండాలి. మన చేలలో అప్పటికే పైమట్టి ఆరిపోతుంది, డబ్బు గాలికి పోతుంది. మొలిచాక గడ్డికి క్విజాలోఫాప్ అంటారు. గడ్డి జాతిని చంపే మందు అది. మరి జొన్న ఏ జాతి? శనగ సాళ్ల మధ్య జొన్న ఉంటే అదీ మాడిపోతుంది. జొన్నకు సిఫార్సు చేసే అట్రజిన్ కొడితే శనగ పోతుంది. అంటే చేనులో ఒక్క పంటే ఉండాలని రైతు కాదు, డబ్బా నిర్ణయిస్తుంది! జొన్న, శనగ, కుసుమ కలిపి వేస్తే ఒకటి పోయినా ఒకటి దక్కుతుందన్న మన పెద్దల లెక్క అక్కడితో చెల్లు.

ఇక ‘కలుపు’ సంగతి. దొగ్గలికూర, జొన్నచెంచలి, తుమ్మికూర, ఎలకచెవుల కూర – వీటిని ఎవరూ విత్తరు, సంతలో కొననక్కర్లేదు. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఒళ్లో కూర పట్టుకొని ఇంటికొస్తారు. లేత శనగ చిగుళ్లూ గిల్లి వండుతారు, గిల్లితే మొక్క కొమ్మలు వేస్తుంది కూడా. మందు కొట్టిన చేనులో ఆ కూర గిల్లగలమా? జహీరాబాద్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత, పేద మహిళలు ఏళ్లుగా చెబుతున్నది ఇదే: అది కలుపు కాదు, కూర. ఆ సొసైటీకి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన పాఠ్యపుస్తకంలో మాత్రం అవి ఇంకా ‘అవాంఛిత మొక్కలు’. మేమే ఆ పాఠం చెబుతున్నాం, ఆ మాట నోట రావడానికి సిగ్గేస్తుంది.

కూలీలు దొరకడం లేదంటారు. నిజమే, వంగి వంగి నడుములు పోతున్నాయి, దాన్ని గొప్పగా పాడుకోవడం మాకు ఇష్టం లేదు. మొదటి రెండు నెలలు కలుపు పెరిగితే శనగ దిగుబడి పడిపోతుందనీ తెలుసు. కానీ దానికి మందొక్కటే దారా? సాళ్ల మధ్య గుంటుక తోలితే సగం పని అయిపోతుంది. నిలబడి తోసే చక్రాల కలుపు పరికరాలున్నాయి. అవి మహిళా సంఘాలకు ఎందుకు చేరవు? దుకాణంలో డబ్బా అప్పుకు దొరుకుతుంది, గుంటుక దొరకదు.

2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి మీ ఊళ్లో ఎంతమందికి తెలుసో, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ యాసంగి మొదలయ్యేలోగా అడిగి రండి. టీచర్లు పిల్లల చేత చేనుగట్టు కూరల పేర్లు వాళ్ల అవ్వల దగ్గర రాయించండి. గోండిలోనో లంబాడీలోనో ఏ పేరుంటే ఆ పేరే రాయనివ్వండి.