అధికారం అప్పగించిన సేనాని

సైనికుని గొప్పతనం యుద్ధరంగంలోనే తేలుతుందని చాలామంది భావిస్తారు. నా అభిప్రాయం వేరు. తన చేతికి వచ్చిన అధికారాన్ని అతడు ఏం చేశాడన్నదే అసలైన పరీక్ష.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశాన్ని చూడండి. 1973 ఆగస్టులో అధ్యక్షుడు అయెందే, పినోచెట్ అనే అధికారిని నమ్మి సర్వసేనానిగా నియమించాడు. మూడు వారాలు తిరగకముందే ఆ సేనాని ప్రభుత్వాన్ని కూలదోశాడు. 1990 వరకు దేశాన్ని ఏలాడు. వేలాదిమంది హత్యలకు, చిత్రహింసలకు గురయ్యారు. 1998లో లండనులో అతనిని నిర్బంధించారు. 2006లో మరణించేనాటికి కూడా కేసులు వెన్నాడుతూనే ఉన్నాయి.

అదే ఖండంలో స్వాతంత్ర్య సమరం నడిపిన సాన్ మార్టిన్ 1822లో పెరూ ప్రజాప్రతినిధుల సభకు అధికారం అప్పగించి తప్పుకొన్నాడు. కనుక దోషం దేశానిదీ కాదు, వృత్తిదీ కాదు; మనిషిది.

మన తెలుగువాడైన జనరల్ కె.వి. కృష్ణారావును తలచుకుందాం. 1923లో జన్మించిన ఆయన 1942లో సైన్యంలో అధికారిగా చేరారు. 1971 యుద్ధంలో ఆయన నడిపిన దళం సిల్హెట్ ప్రాంతంలో పోరాడింది. 1981 నుండి 1983 వరకు భారత సైన్యానికి ప్రధానాధిపతిగా ఉండి, గడువు తీరగానే పదవీవిరమణ చేశారు. తరువాత ఈశాన్య రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు.

1993లో ఆయన రెండవసారి జమ్ము కాశ్మీరుకు గవర్నరుగా వెళ్లారు. అప్పుడక్కడ శాసనసభ లేదు. పాలనాధికారమంతా గవర్నరు చేతిలోనే ఉండేది. అక్కడ అంతా సవ్యంగా జరిగిందని నేననను. 1995లో చరారే షరీఫ్ దర్గా కాలిపోయింది. భద్రతాదళాలపై తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. వాటిని మరచిపోరాదు. అయినా 1996లో ఎన్నికలు జరిగాయి. ఆ అక్టోబరులో కొత్త ముఖ్యమంత్రి చేత కృష్ణారావు ప్రమాణస్వీకారం చేయించారు. పాలన ప్రజల ప్రతినిధులకు చేరింది. ఆయన 2016లో కన్నుమూశారు.

“అది చట్టం చెప్పిన పని. అందులో గొప్ప ఏముంది?” అని మీరు అడగవచ్చు. చట్టం పినోచెట్‌కూ ఉంది. దానిని పాటించేవారు ఉన్నప్పుడే అది చట్టం. లేనప్పుడు వట్టి కాగితం.

విద్యార్థులారా! మైలాపూరు నుండి పరంగిమల ఎంతో దూరం లేదు. అక్కడి అకాడమీలో యువతీయువకులు సైనికాధికారులుగా శిక్షణ పొందుతున్నారు. రేపు మీలో ఒకరు అక్కడ చేరవచ్చు. చేరకపోయినా, తరగతి నాయకత్వం మొదలుకొని ఏదో ఒక అధికారం మీ చేతికి వస్తుంది. దానిని పొందడం నేర్చుకోండి. అంతకన్న ముందు, వేళకు అప్పగించడం నేర్చుకోండి.