మందను కాసే కుక్కకు చోటెక్కడ?

మన మూడు జిల్లాల్లో కుక్క లేని మంద అరుదు. గద్వాల సీడు పత్తి చేన్లకాడ, వనపర్తి పల్లి చేన్లకాడ రాత్రంతా అడవిపందులను తరిమేది అదే. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు చిరుతపులి జాడ పసిగట్టి కాపరిని లేపేదీ అదే. మరి వానొస్తే అది ఎక్కడ పడుకుంటోంది? జొన్నసొప్ప వామి కింద, గొర్రెలు నీళ్లు తాగే తొట్టి పక్కన, బురదలో.

కుక్కకు గూడు కట్టాలని మేము అన్నప్పుడు కొందరు నవ్వారు. ‘మనకే ఇల్లు సరిగ్గా లేదు, కుక్కకు బంగ్లానా?’ అన్నారు. అప్పుల్లో ఉన్న రైతు అట్లా అనడంలో తప్పు లేదు. కానీ మేము చెప్పేది కుక్క మీద ముద్దుతో కాదు. ఇది గొర్రెల లెక్క, మన పిల్లల ఆరోగ్యం లెక్క.

మందలో ఒక గొర్రె తల వంచి, ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోవడం మనలో చాలామందిమి చూశాం. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టినవాళ్లమూ ఉన్నాం. దాని మూలం కుక్క పేగుల్లోని బద్దెపురుగు. ఆ పురుగు గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద, నీళ్లలో పడతాయి. గొర్రె మేస్తే పురుగు పిల్ల మెదడుకు చేరి నీటిబుడగలా పెరుగుతుంది. ఆ గొర్రెను కోసి తలకాయను మళ్లీ కుక్కకే వేస్తాం. రోగం మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో రకం బద్దెపురుగు కార్జంలో, ఊపిరితిత్తుల్లో బుడగలు పెడుతుంది. దాన్ని హైడాటిడ్ అంటారు. అది మనుషులకూ వస్తుంది, ఆపరేషన్ దాకా పోతుంది.

2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. 1,25,000 రూపాయల యూనిట్‌లో మన వాటా 31,250. ఆ వాటా కోసం వడ్డీకి తెచ్చినవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. జీవాలైతే వచ్చాయి, మా దగ్గర కొట్టాలు రాలేదు. మందకు నట్టల మందు తాగించే రోజున కుక్కను మాత్రం ఎవరూ పిలవరు.

గూడుకు పెద్ద ఖర్చేమీ లేదు. నాలుగు రాతి కడీలు మోకాలెత్తు నిలబెట్టాలి. వాటి మీద నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చెక్క చట్రం. పలకల మధ్య సందు అర అంగుళం దాటొద్దు, దాటితే కాలు ఇరుక్కుంటుంది. పలకలకు మేకులు కొట్టొద్దు, ఎత్తి కడిగేట్టు ఉండాలి. కింద నాపరాతి బండలు ఒక పక్కకు వాలుగా పరిస్తే నీళ్లు నిలవవు. రేకు వేస్తే మన ఎండకు కుక్క ఉడికిపోతుంది, కాబట్టి రేకు మీద బోదగడ్డి కప్పాలి. నేలకు ఎత్తులో ఉంటే తడి అంటదు, తేళ్లు, పాముల భయమూ తగ్గుతుంది. పిడుదులు చెక్క సందుల్లోనే దాగుతాయి కాబట్టి అప్పుడప్పుడు సున్నం పూయాలి. పెంటను రోజూ ఎత్తి లోతు గుంతలో పూడ్చాలి. ఎరువు దిబ్బలో వేయొద్దు. గూడును గడ్డివాముకు, నీళ్ల తొట్టికి దూరంగా, వాలుకు దిగువన కట్టాలి.

గూడు ఒక్కటే రోగాన్ని ఆపదు. కుక్కకు ఒక చోటంటూ ఉంటేనే దాని పెంట ఎక్కడుందో మనకు తెలుస్తుంది, మందు వేయడానికీ అది చేతికి దొరుకుతుంది. పశువైద్యుణ్ణి అడిగి దానికీ క్రమం తప్పకుండా బద్దెపురుగుల మందు వేయాలి. ఏటా పిచ్చికుక్క రోగం టీకా వేయించాలి. ఆ రోగం లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్క కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి, వెంటనే ఆస్పత్రికి పోవాలి. పసరు వైద్యం వద్దు. పండుగలకు యాటలు కోసినప్పుడు బుడగలున్న కార్జం, తలకాయ కుక్కకు వేయకుండా పూడ్చాలి. ఈ పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, మనమే చేసుకోవాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. నట్టల మందు కార్యక్రమంలో మంద కుక్కలను చేర్చాలి. టీకాలు మంద దగ్గరికే రావాలి. ఉపాధి హామీ చట్టంలో మేకల, పశువుల కొట్టాలకు చోటిచ్చారు. కొట్టం మంజూరు చేసేటప్పుడు పక్కన కుక్క గూడు కూడా ఎస్టిమేట్‌లో కలపాలి. వచ్చే మండల సమావేశాల్లో ఈ మూడూ తీర్మానాలుగా పెడదాం.

రాత్రంతా మన కోసం మేలుకునే జీవికి పగలు పొడి చోటు ఇవ్వలేమా? ఇస్తే దానికెంత మేలో మన మందకూ అంతే మేలు.