పాట ఒక మిషయా?

1959లో బొంబాయి రాష్ట్రం యాచక నిరోధక చట్టమొకటి చేసింది. బహిరంగ స్థలంలో భిక్ష అడగటం గాని, పుచ్చుకోవటం గాని యాచన అని అది నిర్వచించింది. అంతటితో ఆగివుంటే ఇక్కడ వాదానికి తావు లేదు. పాట, నాట్యం, జోస్యం, విద్యాప్రదర్శన వంటి మిషతో చేసినా, ఏ మిషా లేకుండా చేసినా యాచన యాచనేనన్న అర్థంలో ఒక చిన్న ఉపవాక్యాన్ని కూడా తగిలించింది. 1960లో ఆ చట్టం దిల్లీకి విస్తరించింది. తాన్‌సేన్ పేర ఏటేటా ఉత్సవాలు జరుపుకొనే దేశంలో, నడివీధిలో పాడేవాని పాట శాసనకర్తల దృష్టిలో ఒక మిష అయిపోయింది.

మిష అన్నప్పుడు లోపల ఒకటి, పైకి మరొకటి ఉండాలి. వీధి గాయకుడు లోపల దాచినదేమిటి? డబ్బు కావాలన్న సంగతి అతడు దాచడే! గుడ్డ పరచి, పదిమంది ముఖాన అడుగుతాడు. టిక్కెట్టు కొని సభలో కూర్చున్నవాడికి కచేరీ రుచించకపోతే పైకం తిరిగి రాదు. వీధిలో విన్నవాడు ముందు విని, తరువాత తోచినంత ఇస్తాడు. ఇవ్వకుండా నడిచిపోయినా నిలదీసేవాడు లేడు. కొనుగోలుదారుకు ఇంత అనుకూలమైన బేరం చాందినీ చౌక్ మొత్తం గాలించినా దొరకదు. ఇందులో అమ్మినవాడు ముష్టివాడు, కొన్నవాడు దాత ఎట్లా అయినారో చట్టం చెప్పదు.

ఈ పనిలో ఎంత నేర్పున్నదో చూడని వారే దీనిని సోమరితనమంటారు. పాత దిల్లీలో గారడీవాడు జనాన్ని కూడగట్టే విధానానికి హిందీలో మజ్మా పెట్టటమని పేరు. మొదటి నేర్పు చోటు ఎన్నుకోవటం. జనం ఉంటే చాలదు, ఆ జనం తొందరలో ఉండరాదు. రైలు అందుకోవలసిన వాడు కిన్నరుడు వచ్చి పాడినా ఆగడు. దుకాణం గుమ్మానికి అడ్డమైతే సేటు కేకలు వేస్తాడు. ఎండలో నిలబెడితే వలయం విచ్చిపోతుంది. డుగ్డుగీ మోగగానే ముందు పిల్లలు చేరుతారు. వారిని నేలమీద కూర్చోబెట్టాలి, లేకుంటే వెనుకవారికి కనబడదు. తరువాత జమూరాతో సంభాషణ. జమూరా అంటే అతని శిష్యుడు, కొడుకు, వెక్కిరించటానికి పనికివచ్చే వెర్రిబాగులవాడు, అన్నీ ఒక్కడే. ఆ మాటల మధ్య అసలు విద్యను ఊరిస్తూ వాయిదా వేస్తాడు. ఎప్పుడు అడగాలన్నది అన్నిటికన్న కష్టమైన లెక్క. ముందుగా అడిగితే ఎవరికీ నమ్మకం కలగదు. విద్య ముగిశాక అడిగితే వలయంలో సగం వీపులే కనబడతాయి. అందుకే చివరి విద్యకు సరిగ్గా ఒక క్షణం ముందు గుడ్డ పరుస్తాడు. అప్పటిదాకా నోరు తెరచి చూసిన పెద్దమనిషికి ఆ క్షణంలోనే అత్యవసరమైన పని జ్ఞాపకం వస్తుంది.

కొన్ని సాయంకాలాలు బాగానే గడుస్తాయి. అలసి ఇల్లు చేరుతున్న గుమాస్తా ఒకడు ఒక్క పాట కోసం నిలబడి నాలుగు పాటలు విని, వలయానికి వెచ్చదనం తెస్తాడు. అతడు నోటు వేస్తే పక్కవాడు సిగ్గుపడి నాణెం వేస్తాడు. వాన పడితే ఆ రోజు పస్తే. పండుగ నాడు జనం పదింతలు ఉంటారు గాని, లౌడుస్పీకరు ముందు ఏ గొంతు నిలుస్తుంది? ఇప్పుడు జేబులలో చిల్లర కరువై డోలక్కు మీద క్యూఆర్ చీటీ అంటించుకొన్నవారు కూడా కనబడుతున్నారు. వీటన్నిటికీ వీధి విద్యావంతుడు ఓర్చుకొంటాడు. అవి అతని వృత్తిలో భాగాలు. లాఠీ మాత్రం భాగం కాదు. 1959 చట్టం ప్రకారం పోలీసు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చును. మొదటి శిక్షే ఒక ఏడాదికి తగ్గని నిర్బంధం. మరలమరల దొరికితే పదేండ్ల దాకా పోవచ్చును.

ప్రభుత్వానికి ఈ విద్యల విలువ తెలియదనుకొంటే పొరపాటు. 1985లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ జరిపిన భారతీయ మేళాకు వీధి కళాకారులు సగౌరవంగా వెళ్లినారు. వారిలో షాదీపూర్ దగ్గరి కఠ్‌పుతలీ కాలనీవారూ ఉన్నారు. సముద్రం దాటితే సంస్కృతి దూతలు, తిరిగి వచ్చి అదే డోలు దిల్లీ కూడలిలో వాయిస్తే యాచకులు! 2017లో ఆ కాలనీనే కూల్చివేశారు.

2018 ఆగస్టులో దిల్లీ హైకోర్టు యాచనను నేరంగా శిక్షించే నిబంధనలను కొట్టివేసింది. మెచ్చుకోదగిన తీర్పే. కాని అది దిల్లీ హద్దు దాటలేదు. యాచకుడికి శిక్ష తప్పించినదే గాని, పాడేవాడు యాచకుడు కాడన్న మాట జనుల మనసులో నాటలేదు. 2023లో కన్నాట్ ప్లేస్‌లో గిటారు వాయిస్తున్న యువకుణ్ణి పోలీసు లేపివేస్తే దేశమంతా నొచ్చుకొన్నది. నొచ్చుకోవలసినదే. అదే నగరంలో డోలక్కు మెడకు తగిలించుకొన్న పిల్లలను తరిమివేయటం నిత్యకృత్యం. దానిని ఎవరూ చిత్రం తీసి పంచుకోరు. గిటారు కళ, డోలక్కు ముష్టి అనే ఈ విభజన ఏ సంగీతశాస్త్రంలో ఉన్నది?

రద్దీకి, జేబుదొంగలకు, గోలకు వీరే కారణమని ఆక్షేపించేవారున్నారు. గోల విషయం న్యాయమే. ఒకే పాటను యంత్రంతో పెద్దదిచేసి కిటికీ కింద రోజంతా వినిపిస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. దానికి 2000 నాటి శబ్దకాలుష్య నియమాలున్నవి. పెళ్లి ఊరేగింపుకు ఏ కొలత వర్తిస్తుందో డోలక్కుకూ అదే వర్తించవచ్చును. జేబుదొంగలు సినిమా హాళ్ల వద్దా ఉంటారు, హాళ్లు మూయించరు.

ఇక పరీక్ష పెట్టి, చీటీ ఇచ్చి, గీత గీసిన చోటనే పాడించాలనే హితైషులున్నారు. లండను భూగర్భ రైల్వే 2003 నుంచి అటువంటి పద్ధతి నడుపుతున్నది. సొరంగం ఇరుకు, అక్కడ అది చెల్లవచ్చును. కూడలిలో రోజూ వందమంది పరీక్షించి మార్కులు గుడ్డమీద పడవేస్తుండగా, ముగ్గురు అధికారుల పరీక్ష దేనికి? 2014 వీధి విక్రేతల చట్టం సరుకు అమ్మేవారినే కాక, వీధిలో సేవలందించేవారిని కూడా తన నిర్వచనంలో చేర్చుకొన్నది. వేరుశనగలమ్మే వాడికి ఆ చట్టం కింద నగర సంఘం నుంచి ధ్రువపత్రం ఉంటుంది. వాడి పక్కన పాడేవాడిని సేవకుడుగా లెక్కించటానికి అడ్డమేమిటి?

తెలుగు పాఠకుడికి ఇది దూరపు గొడవ కాదు. చిందు భాగవతుల వంటి ఆశ్రిత కళాకారులకు ఏ ఊళ్లలో ఆడి ప్రతిఫలం పుచ్చుకొనే హక్కున్నదో వంశపారంపర్యంగా నిర్ణయమై ఉండేది. దానిని మిరాశీ అనేవారు, ముష్టి అనలేదు. ఆ మాట తెలిసిన నేలమీదనే 1977లో ఆంధ్రప్రదేశ్ యాచక నిరోధక చట్టం వచ్చింది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికుల సదస్సుకు అతిథులు వస్తున్నారని హైదరాబాదు వీధులలో రెండు నెలలపాటు యాచనను నిషేధించారు. నిషేధాన్ని అమలుపరచే కానిస్టేబులు చేయి చాచినవానికి, తంబురా మీటినవానికి తేడా కనిపెట్టాలంటే అతని చేతిలోని చట్టం ఆ తేడాను ముందుగా ఒప్పుకోవాలి. పాటను మిష అన్న ఉపవాక్యం ఏ రాష్ట్ర చట్టంలో ఉన్నా దానిని తొలగించాలి. దానికి ఖజానా నుంచి ఒక్క రూపాయి ఖర్చు లేదు.