రాసిచ్చింది చదవడమే కదా అనేవాళ్లకు

తెలుగులో టెలివిజన్ వార్తలు 1983 నవంబర్ 14న మొదలయ్యాయి. ఆ సాయంత్రం హైదరాబాద్ దూరదర్శన్ నుంచి తొలి బులెటిన్ చదివినవారు శాంతిస్వరూప్. 1978లోనే ఆయన దూరదర్శన్‌లో చేరారు. అయితే తెలుగులో వార్తలు వస్తే కదా చదవడానికి! కెమెరా ముందుకు రావడానికి అయిదేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ తర్వాత 2011లో పదవీ విరమణ చేసేదాకా ఆయన ముఖం, ఆయన గొంతు తెలుగిళ్లలో సాయంత్రపు దినచర్యలో భాగం. తోటి న్యూస్ రీడర్ రోజారాణి ఆయన భార్య. ఆమె ఆయనకంటే ముందే వెళ్లిపోయారు. 2024 ఏప్రిల్ 5న గుండెపోటుతో శాంతిస్వరూప్ హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆయన పోయినప్పుడు నివాళులతో పాటు ఇంకో మాట కూడా వినిపించింది. ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. అప్పట్లో ఉన్నది ఒక్క చానెల్, ఎవరిని కూర్చోబెట్టినా పేరొచ్చేది, ఎవరో రాసిచ్చిన కాగితం చూసి చదవడంలో గొప్పేముంది, అసలైన యాంకర్లు ఇప్పుడున్నవాళ్లే, వాళ్లు ప్రశ్నిస్తారు, నిలదీస్తారు అని. టీ హోటల్ దగ్గర ఎవరో అనుంటే వదిలేయవచ్చు. టీవీ రంగంలోనే జీతం తీసుకుంటున్నవాళ్లు ఈ మాట అనడం సహించరానిది. తాము ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నారో ఆ మెట్టునే తవ్వుకుంటున్నారు.

చదవడం అంటే ఏమిటో ముందు చూడాలి. ఇవాళ కెమెరా లెన్సు ముందు ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. స్క్రీన్ మీది అక్షరాలు ఆ అద్దంలో ప్రతిఫలిస్తాయి. ఆపరేటర్ వాటిని పైకి జరుపుతూ ఉంటాడు. చదివే మనిషి అక్షరాలను చూస్తుంటే ఇంట్లో కూర్చున్నవాళ్లకు తమనే చూస్తున్నట్టు అనిపిస్తుంది. దాన్నే టెలిప్రాంప్టర్ అంటారు. శాంతిస్వరూప్‌కు తొలి పదేళ్లు అది లేదు. చేతిలో కాగితాలు, ఎదురుగా కెమెరా, అంతే. చూడకుండా చెప్పగలిగినంత కంఠస్థం చేసి, మిగిలినదానికి కళ్లు దించి, మాట తెగకుండా మళ్లీ కళ్లెత్తాలి. రోజూ కొత్త వార్తలే. నిన్న కంఠస్థం చేసినదాంట్లో ఒక్క ముక్క కూడా ఇవాళ పనికిరాదు.

ఇందులో తెలుగు వాక్యం పెట్టే కష్టం ఒకటుంది. అది కుర్చీలో కూర్చుని చదివినవాళ్లకే తెలుస్తుంది. తెలుగులో క్రియ చివరన వస్తుంది. శ్రీశైలం జలాశయానికి ఎగువ నుంచి వచ్చే వరద దృష్ట్యా మూడు గేట్లను అన్నంత వరకూ వచ్చి చూపు తప్పితే, ఆ గేట్లు ఎత్తినట్టా, దించినట్టా? వినేవాడికి కావలసింది ఆ ఆఖరి రెండు మాటలే. కింద నది ఒడ్డున పొలమున్నవాడికైతే మరీను. కాబట్టి న్యూస్ రీడర్ వాక్యం మొదలుపెట్టేటప్పటికే దాని కొస మనసులో ఉండాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట దగ్గర గొంతు కాస్త ఆగాలో ముందే తేల్చుకోవాలి. పెన్సిలుతో గీతలు పెట్టుకుని, పొడుగు సంఖ్యలను అక్షరాల్లో రాసుకుని, నోరు తిరగని విదేశీ పేర్లను పదిసార్లు పలికి చూసుకోవడం ఈ వృత్తిలో పాత అలవాటు. ఇంత చేసినా బులెటిన్ నడుస్తుండగా కొత్త కాగితం ఒకటి బల్ల మీదికి వస్తుంది. దాన్ని కంఠస్థం చేసే వ్యవధి ఎవరిస్తారు? అలా వచ్చిన కాగితాన్ని కూడా, అంతకుముందే తెలిసిన విషయమన్నట్టు తొణక్కుండా చదివితేనే ఆ కుర్చీ నిలిచేది. ఇదంతా పెదవి విరిచి కొట్టిపారేసే పనా?

ఒక్క చానెల్ వాదన ఇంకా బోలుది. చానెల్ ఒక్కటే ఉన్నప్పుడు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ గుర్తుండిపోవాలి కదా. అందరూ గుర్తున్నారా?

అసలు ఈ విద్య శాంతిస్వరూప్‌తో మొదలైంది కూడా కాదు. రేడియోలో అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ, పన్నాల సుబ్రహ్మణ్య భట్టు గొంతులు విని తెలుగువాళ్లు లోకాన్ని తెలుసుకున్నారు. హైదరాబాద్ ఆకాశవాణిలో వార్తలు చదివిన డి. వెంకట్రామయ్య మంచి కథకుడు. శాంతిస్వరూప్ కూడా రచయితే. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ‘రాతి మేఘం’, క్రికెట్ పిచ్చి మీద ‘క్రేజ్’, సతీసహగమనాన్ని నిరసిస్తూ ‘అర్ధాగ్ని’ నవలలు రాశారు. రాసిచ్చింది చదివేవాడు అని తేలిగ్గా అనేవాళ్లు ఈ మూడు పేర్లు విని ఉండరు. వాక్యం రాయడం తెలిసినవాడే ఇంకొకరు రాసిన వాక్యాన్ని ఎక్కడ విరవాలో ఎరుగుతాడు. భోపాల్ మృతుల గురించి నవల రాసేంతగా తల్లడిల్లిన మనిషి, బులెటిన్‌లో మాత్రం తన బాధను వార్తకు అడ్డం రానివ్వలేదు. 1984 అక్టోబర్ 31న ఢిల్లీ దూరదర్శన్‌లో ఇందిరాగాంధీ హత్య వార్త చదివిన సల్మా సుల్తాన్ పాటించిన నిగ్రహమూ ఇలాంటిదే. దాన్ని బొమ్మలా కూర్చోవడం అనేవాళ్లున్నారు. ఏడవవలసింది వినేవాడు. చదివేవాడు ముందే ఏడ్చేస్తే వినేవాడికి వార్త అందదు.

ఇక అసలైన యాంకర్ల సంగతి. తెలుగులో 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2003 ఆఖరులో ఈటీవీ2, 2004లో టీవీ9 రావడంతో ఇరవై నాలుగు గంటల వార్తలు మొదలయ్యాయి. వార్తకు కాలవ్యవధి పెరిగినప్పుడు వార్త లోతుకు వెళ్లాలి. జరిగింది వేరు. పది నిమిషాల్లో చెప్పగలిగినదాన్ని పొద్దంతా సాగదీయడం నేర్చుకున్నారు. తెర మీద ఎర్ర అక్షరాలు, వెనక డప్పుల మోత, ఆరు గళ్లలో ఆరు ముఖాలు, మధ్యలో యాంకర్ అరుపు. ప్రశ్న అడుగుతాడు, జవాబు మొదలవగానే అడ్డుపడతాడు, తానే జవాబు చెప్పుకుంటాడు, చివరికి టైమ్ అయిపోయిందంటాడు. గంట చూసినవాడు లేచేటప్పటికి అతనికి ఏం తెలిసింది? ఒక ఊళ్లో గోడ కూలిందంటే ఎంతమంది పోయారో, ఎంతమందిని ఆస్పత్రిలో చేర్చారో చెప్పకముందే బంధువుల నోటి ముందు మైకు పెట్టి ఎలా అనిపిస్తోందని అడుగుతారు. దీన్ని నిలదీయడం అంటారా? నిలదీయవలసిన అధికారి ఆ సమయంలో తన ఆఫీసులో నిశ్చింతగా ఉంటాడు.

ఉచ్చారణ గురించి ఎంత చెప్పినా తక్కువే. శ, ష, స మూడూ ఒకటే అయిపోయాయి. ళ లేదు, ణ లేదు. ఒత్తు ఉన్నచోట పోతుంది, లేనిచోట వచ్చి కూర్చుంటుంది. ఊరి పేర్లు తప్పు పలుకుతారు, ఆ ఊరివాళ్లు టీవీ ముందే ఉన్నారన్న స్పృహ ఉండదు. శంషాబాద్ దగ్గరి మంఖాల్ లాంటి ఊరి పేరు తెర మీదకు వస్తే ఖకారం నిలిచేది ఎందరి నోట? అడిగితే, జనం భాషలో చెబుతున్నాం అంటారు. జనం తమ ఊరి పేరు తప్పు పలకరు.

జనం భాష అనే మాట వచ్చింది కాబట్టి ఒక విషయం ఒప్పుకోవాలి. దూరదర్శన్ తెలుగులో తెలంగాణ మాటకు చోటు దక్కలేదు. శంషాబాద్, మహేశ్వరం, చేవెళ్ల వైపు ఇళ్లలో మాట్లాడే తెలుగు తెర మీద నవ్వించడానికే పనికొచ్చేది. అది అన్యాయమే. ఆ అన్యాయాన్ని సరిచేసినవాళ్లలో ఒకరు ఈ ప్రాంతం మనిషే. చేవెళ్ల మండలం పామెన నుంచి వచ్చిన బిత్తిరి సత్తి, వీ6 చానెల్‌లో తీన్మార్ వార్తలతో ఇంటింటికీ తెలిశాడు. కానీ అతన్ని ఈ అరుపుల యాంకర్ల జాబితాలో కలపడం కుదరదు. ఎక్కడ ఆగాలో, ఏ మాట ఎంత సాగదీస్తే నవ్వు వస్తుందో లెక్క తెలిసిన కళాకారుడు అతను. సాధన లేనిదే ఆ లెక్క రాదు. యాస మారింది, సాధన మారలేదు.

యాంకర్ సుమ కనకాల విషయం కూడా ఇలాంటిదే. ఆమె మాతృభాష మలయాళం. సికింద్రాబాద్‌లో పెరిగారు. 1999లో నటుడు రాజీవ్ కనకాలను పెళ్లి చేసుకున్నారు. మామగారు దేవదాస్ కనకాల ఎందరికో నటన నేర్పిన గురువు. ఈటీవీలో ఆమె నడిపిన ‘స్టార్ మహిళ’ ఎపిసోడ్లు వేలల్లోకి వెళ్లాయి. గలగలా మాట్లాడటమే ఆమె పెట్టుబడి అనుకుని ఎంతమంది ఆడపిల్లలు అదే వేగంతో మాట్లాడి చతికిలపడ్డారో! ఆమె మాట్లాడేదానికంటే ఎక్కువ వింటారు. ఎదుట నిలబడ్డ గృహిణి పేరు, ఊరు, ఇందాక సిగ్గుపడి మింగేసిన మాట గుర్తుపెట్టుకుని, సరైన చోట మళ్లీ బయటికి తీస్తారు. పుట్టుకతో రాని భాషను నేర్చుకుని ఆ స్థాయికి తెచ్చుకున్న మనిషి కళ్లెదుట ఉండగా, యాంకరింగ్ అంటే వాగుడు అని ఎలా అంటారో అర్థం కాదు.

ఇప్పుడు మంఖాల్, తుక్కుగూడ పరిసరాల్లో ఔటర్ రింగు రోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు లేచాయి. సంగీత్ అని, రిసెప్షన్ అని ఒక కుర్రాడు మైకు పట్టుకుని పెళ్లికొడుకు మేనమామ చేత డ్యాన్స్ చేయిస్తాడు. అతన్నీ యాంకర్ అంటారు. కుర్రాడి తప్పేమీ లేదు, కష్టపడి సంపాదించుకుంటున్నాడు. అతనికి ఆదర్శంగా దొరికినవాళ్లు అరిచేవాళ్లే కావడం బాధాకరం. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం వచ్చాక ఈ ఊళ్ల రూపమే మారిపోయింది. అంతకు పాతికేళ్ల ముందు ఇక్కడ టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్క. ఉన్నవాళ్ల ఇంటి వసారా సాయంత్రానికి నిండిపోయేది. అక్షరం రానివాళ్లు సైతం ఆ కాసేపూ కదలకుండా కూర్చుని విన్నారంటే, చదివే మనిషి వాళ్లను గౌరవించి చదివాడనే అర్థం.

యాంకర్ల వ్యక్తిగత జీవితం సంగతి మరీ దారుణంగా ఉంది. శాంతిస్వరూప్, రోజారాణి ఇద్దరూ తెర మీద కనిపించే దంపతులు. వాళ్ల సంసారం తెర మీదికి రాలేదు. ఇవాళ యాంకర్ ఇంట్లో వంటిల్లు, పిల్లల పుట్టినరోజు, భార్యాభర్తల అలక అన్నీ వీడియోలే. వాళ్లు పెట్టకపోతే ఇతరులు పెడతారు. విడాకులట, విడిగా ఉంటున్నారట అని ఎర్ర బాణం గుర్తుతో థంబ్‌నెయిల్, లోపల చూస్తే ఏమీ ఉండదు. ఒక మహిళ పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలబడి పనిచేస్తే ఆమె పని గురించి రాయడానికి ఎవరికీ వాక్యం దొరకదు. ఆమె కట్టుకున్న చీర గురించి, కాపురం గురించి మాత్రం రోజుకు పది దొరుకుతాయి. యాంకర్ అంటే అందరి సొత్తు అనే అభిప్రాయాన్ని పెంచినవాళ్లు, ఆమె ఇంటి గుమ్మం దగ్గర ఆగాలని ఎప్పటికి నేర్చుకుంటారు?

చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. కొత్తగా చేరినవాళ్లను మేకప్ గదికి పంపేముందు కొన్ని నెలలు కాగితం ఇచ్చి బిగ్గరగా చదివించాలి. పక్కన తప్పు పట్టే పెద్దమనిషి ఒకరు ఉండాలి. ప్రాంప్టర్ ఆపేసి ఒక బులెటిన్ చదివించి చూడాలి. దూరదర్శన్ దగ్గర మిగిలిన పాత బులెటిన్లను జనం చూసే వీలు కల్పించాలి, జర్నలిజం పాఠాల్లో చేర్చాలి. అప్పుడు ఆ మనిషి కళ్లు ఏ మాట దగ్గర కాగితం మీదికి దిగాయో, ఏ మాట దగ్గర లేచాయో పిల్లలు స్వయంగా చూసుకుంటారు.