భుజం తప్పించుకున్న దెబ్బ

1871లో, పంతొమ్మిదేళ్ల వయసులో దక్షిణాఫ్రికా గడ్డ మీద దిగిన ఇంగ్లిష్ యువకుడు ఫ్రెడరిక్ సెలూస్, ఏనుగుల వేట కోసం నాలుగు-బోర్ తుపాకులు చేతబట్టాడు. నాలుగు-బోర్ అంటే పావు పౌను సీసపు గుండు, అంటే మన లెక్కలో 113 గ్రాములు. తుపాకీ బరువు మాత్రం ఆరు కిలోలకు కాస్త తక్కువే. అంత గుండుకు, దాని వెనుక దట్టించే అంత మందుకు ఆ బరువు ఏమాత్రం చాలదు. తర్వాతి కాలంలో ఆఫ్రికా వేటగాళ్లలో సెలూస్ అంత పేరు మోసినవాళ్లు కొద్దిమందే. అయినా ఆ తుపాకుల తన్నులు తన నరాలను దెబ్బతీశాయనీ, ఆ ప్రభావం తన గురిలో అలాగే ఉండిపోయిందనీ ఆయనే రాసుకున్నాడు. ధైర్యం లేని మనిషి కాదు. కానీ తన్ను తిన్న భుజం ఆ సంగతి మరిచిపోలేదు.

కాబట్టి పెద్ద రైఫిల్ తన్నును ఓర్చుకోవడమే మగతనమన్న పాత మాటను పక్కన పెట్టేద్దాం. తగ్గించుకోవాలి. ఎలా అన్న దగ్గరే అసలు వాదం మొదలవుతుంది. ముఖ్యంగా మజిల్ బ్రేక్ దగ్గర. గొట్టం మూతికి బిగించే, పక్కలకు రంధ్రాలున్న ఉక్కు తొడుగు అది. అడవిదున్న, ఏనుగు వంటి ప్రమాదకర జంతువుల వేట చట్టబద్ధంగా సాగే దక్షిణ, తూర్పు ఆఫ్రికా దేశాల్లో దానిమీద రెండు పక్షాలున్నాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ వేట లేదు. వేట మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ నేను తూచదలచుకున్నది తన్ను సంగతి ఒక్కటే.

ఇంటర్ ఫిజిక్సులో ద్రవ్యవేగ నిత్యత్వం పాఠం చదివిన ప్రతివారూ తుపాకీ లెక్క చేసే ఉంటారు. తూటా ముందుకు, తుపాకీ వెనక్కి, రెండింటి ద్రవ్యవేగం సమానం. ఆ లెక్కలో ఒకటి తక్కువైంది. కాలిన మందు కూడా గొట్టంలోంచి బయటికి పోతుంది, అదీ తూటాను మించిన వేగంతో. .458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌నే తీసుకుందాం. 1956లో వచ్చిన ఈ తూటా బరువు సుమారు 32 గ్రాములు, వేగం సెకనుకు 620 మీటర్ల దరిదాపు. వెనుక నాలుగున్నర గ్రాముల మందు. నాలుగు కిలోల పైచిలుకు రైఫిల్‌లో దీన్ని పేలిస్తే, రైఫిల్ సెకనుకు ఆరు మీటర్లకు మించిన వేగంతో వెనక్కి వస్తుంది. శక్తి 80 జౌళ్ల చుట్టుపక్కల. సైన్యాలు వాడే 7.62 మిల్లీమీటర్ల తూటాను మామూలు బరువున్న వేట రైఫిల్‌లో పేలిస్తే వచ్చేది 22 జౌళ్లే. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలున్న .303 తన్ను కూడా ఇంచుమించు ఆ కోవలోదే. దానికి నాలుగింతలు అనుకుంటే .458 ఏమిటో అందుతుంది.

తన్ను వల్ల వచ్చే అసలు నష్టం భుజం కమిలిపోవడం కాదు. కమిలింది వారంలో మానుతుంది. పేలుడు రాబోతోందని మనసుకు ముందే తెలిసి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను మూసుకుపోయి, భుజం ముందుకు తోసుకొచ్చి, గురి తప్పే ఆ ఉలికిపాటు ఉంది చూశారూ, అది తొందరగా మానదు. దాన్ని పట్టుకునే పాత పరీక్ష ఒకటుంది. అసలు తూటాల మధ్య ఉత్తుత్తి తూటా ఒకటి, కాల్చేవాడికి తెలియకుండా కలిపి పెడతారు. అది పేలదు. కానీ రైఫిల్ మూతి కిందికి దిగుతుంది. ఆ కదలిక చూసినవాడు తనకు ఉలికిపాటు లేదని మళ్లీ అనలేడు.

బ్రేక్ పక్షం బలం ఇక్కడే ఉంది. మూతి దాటిన వాయువు నేరుగా ముందుకు పోకుండా, పక్కలకూ కాస్త వెనక్కూ మళ్లుతుంది. అలా మళ్లుతూ రైఫిల్‌ను ముందుకు లాగుతుంది. మంచి బ్రేక్ తన్నును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించగలదు. తన్నుకు భయపడేవాడు దున్నను గుండెలో కొట్టలేక పొట్టలో కొడతాడు. గాయపడిన దున్న పొదలోకి దూరుతుంది. దాని వెంట ఆ పొదలోకి ముందు అడుగు పెట్టాల్సింది జాడ పట్టే ట్రాకర్. గురి సరిగ్గా కుదిరితే జంతువుకు నరకయాతన తప్పుతుంది, ట్రాకర్‌కు ప్రాణగండమూ తప్పుతుంది. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. అమెరికాలో 1980లలో వచ్చిన బారెట్ 12.7 మిల్లీమీటర్ల రైఫిల్ దీనికి ఇంకో సాక్ష్యం. దాదాపు 14 కిలోల బరువు, వెనక్కి జారే గొట్టం, మూతికి పెద్ద బ్రేక్. ఈ మూడూ కలిసినందుకే అంత తూటాను మనిషి భుజం మీద పెట్టి కాల్చగలుగుతున్నాడు.

రెండో పక్షం మాట వినాలంటే చెవి దగ్గర మొదలుపెట్టాలి. పెద్ద రైఫిల్ పేలుడు ఎలాగూ 160 డెసిబెల్స్ దాపున ఉంటుంది. ఇలాంటి క్షణికమైన చప్పుడుకు 140 దాటితే ప్రమాదమని వైద్యుల హెచ్చరిక. బ్రేక్ ఆ చప్పుడును వెనక్కి తిప్పి, కాల్చేవాడి చెవి దగ్గర ఇంకొన్ని డెసిబెల్స్ చేరుస్తుంది. ఆరు డెసిబెల్స్ పెరిగితే గాలి ఒత్తిడి రెట్టింపైనట్టే. లోపలి చెవిలో ఒకసారి చచ్చిన రోమకణాలు మనిషిలో మళ్లీ మొలవవు. గుయ్‌మనే హోరు ఒక్కటే మిగులుతుంది.

కాల్చేవాడు చెవులకు రక్షణ పెట్టుకోవచ్చు. చిన్న చప్పుళ్లను వినిపించి, పేలుడును అడ్డుకునే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మరి పక్కవాడి సంగతి? ఆఫ్రికా వేటలో రైఫిల్ ఆనించే మూడు కాళ్ల కర్రలను మోసుకొచ్చి నిలబెట్టేది ఎక్కువగా ట్రాకరే. ఆ కర్రల పక్కనే, బ్రేక్ రంధ్రాలు తిరిగి ఉన్న వైపునే అతను నిలబడతాడు. చెవి అతనికి పని ముట్టు. దున్నల వీపు మీద వాలి పురుగులు ఏరే పిట్టలు మనిషిని చూసి చేసే అలికిడి, దూరంగా విరిగిన కొమ్మ, ఏనుగు కడుపులోని గరగర, ఇవి విని బతుకుతున్న మనిషి అతను. వేటకు వచ్చిన అతిథి వారం రోజులుండి ఇంటికి వెళ్లిపోతాడు. ట్రాకర్ మరుసటి వారం ఇంకో అతిథి పక్కన నిలబడాలి. చాలామంది వృత్తి వేటగాళ్లు బ్రేక్ ఉన్న రైఫిల్‌ను తమ శిబిరంలో ఇష్టపడకపోవడానికి ఇదే కారణం.

ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. దాన్ని ఎక్కువమంది గమనించరు. బ్రేక్ వాయువు మీద మాత్రమే పనిచేస్తుంది, తూటా మీద కాదు. తక్కువ తూటాకు ఎక్కువ మందు పట్టే వేగపు రైఫిళ్లలో, ఉదాహరణకు .338 లాపువాలో, తన్నులో మూడో వంతుకు పైగా వాయువుది. అక్కడ బ్రేక్‌కు బోలెడు పని. .458లో బరువైన తూటా నెమ్మదిగా పోతుంది, వాయువు వాటా నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. అంటే దూరపు గురికి వాడే వేగపు రైఫిల్‌లో అది చేసినంత మేలు, భుజాన్ని ఎక్కువగా కుమ్మే ఈ పెద్ద బోర్లలో చేయలేదు. చప్పుడు మాత్రం వీటిలోనూ పూర్తిగానే పెరుగుతుంది.

మరి ఎవరి చెవికీ చేటు లేని దారులు ఏమున్నాయి? మొదటిది బరువు. ఆ .458కే ఇంకో కిలో చేరిస్తే తన్ను శక్తి ఐదో వంతు తగ్గి 65 జౌళ్లకు దిగుతుంది. కాకపోతే ఏనుగు జాడ వెంట రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచిన చేతికి ఆ కిలో ఎంతో తెలుస్తుంది. అలసిన చేయి కూడా గురి తప్పిస్తుంది.

రెండోది మెత్తటి రబ్బరు ప్యాడ్. తన్ను శక్తిని అది తగ్గించదు, ఆ దెబ్బను కాస్త ఎక్కువ సేపటి మీదికి, ఎక్కువ చోటికి పరుస్తుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం కదా, అదే కిటుకు. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైనది, ఒంటికి కుదిరిన బట్, అంటే రైఫిల్ భుజానికి ఆనే వెనుక భాగం. బట్ మరీ కిందికి వంగి ఉంటే రైఫిల్ పైకి లేచి చెంపను కొడుతుంది. పొట్టిగా ఉంటే టెలిస్కోప్ అంచు కనుబొమను కోస్తుంది. దర్జీ కొలతలు తీసినట్టు మనిషికి తగ్గట్టు బట్ సరిచేస్తే, అదే తన్ను సగం అయినట్టు తోస్తుంది.

నాలుగోది సాధన. బల్ల ముందు కూర్చుని కాలిస్తే ఒళ్లు వెనక్కి పోవడానికి చోటుండదు, దెబ్బంతా భుజమే తింటుంది. నిలబడి కాలిస్తే నడుము ఊగి ఆ దెబ్బను మింగుతుంది. అందుకే పెద్ద రైఫిల్‌తో రోజుకు నాలుగైదు తూటాలు, అవీ నిలబడి, చాలు. మిగతా సాధనంతా తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తో చేయాలి.

చివరిది తూటానే చిన్నది చేసుకోవడం. స్కాట్లాండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను వేటాడాడు, వాటిలో ఎక్కువ భాగాన్ని .275 రిగ్బీ లాంటి చిన్న తూటాతో. ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుంటుందో ఆయనకు అంత తెలుసు. కానీ బెల్‌ను చూసి అందరూ ఆ పని చేస్తే గాయపడ్డ ఏనుగులే మిగులుతాయి. అందుకే ఇప్పుడు చాలా ఆఫ్రికా దేశాలు ప్రమాదకర జంతువులకు .375ను కనీస హద్దుగా పెట్టాయి. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ తన్ను .458 కన్నా మూడో వంతు దాకా తక్కువ. చట్టం ఒప్పుకునే ఈ మెట్టు దగ్గరే ఆగడం చాలామందికి మంచిది. మోయలేని గొప్ప కోసం ఇంకా పైకి పోనక్కరలేదు.

చప్పుడునూ తన్నునూ ఒకేసారి తగ్గించే సాధనం సైలెన్సర్. ఫిన్లాండ్, నార్వే వేటగాళ్లకు అది మామూలు వస్తువు. దాని బరువు, పొడవు దట్టమైన పొదల్లో ఇబ్బందే. చట్టం అనుమతించే చోట బ్రేక్ కన్నా అదే మేలని నా నమ్మకం.

రెండు పక్కలా తూచాక నాకు కనిపించేది ఇది. కాల్పుల మైదానంలో, చుట్టూ అందరి చెవులకూ రక్షణ ఉన్నచోట, బ్రేక్ బిగించుకోవడంలో తప్పు లేదు. కొత్తవాడికి ఉలికిపాటు పట్టకుండా అది కాపాడుతుంది. దూరపు గురి కోసం ఒంటరిగా పడుకుని కాల్చేవాడికీ అంతే. అడవిలోకి బయల్దేరే ముందు మాత్రం దాన్ని తీసేయాలి. తీశాక తూటా తగిలే చోటు మారవచ్చు కనుక గురి మళ్లీ సరిచూసుకోవాలి. దున్న ఎదురుగా ఉన్నప్పుడు ఆ ఒకటి రెండు గుళ్ల తన్ను ఎవరికీ గుర్తుండదు. బ్రేక్ లేనిదే నిలకడగా కాల్చలేనివాడికి ఆ రైఫిల్ తన శక్తికి మించినది. అతను తూటా తగ్గించుకోవాలి, లేదా ట్రాకర్ చెవులకు కూడా తన చెవులకు పెట్టుకున్నంత రక్షణ కొనివ్వాలి.

సెలూస్ తిన్న దెబ్బ ఆయన భుజానిదే, ఆయన నరాలదే. బ్రేక్ కొనేటప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది: నా భుజం తప్పించుకున్న దెబ్బ ఇప్పుడు ఎవరికి తగులుతోంది? కర్రలు పట్టుకుని నా పక్కన నిలబడ్డ మనిషికైతే, అది తగ్గిన తన్ను కాదు, చేయి మారిన తన్ను. అతణ్ని అడగకుండా ఆ బరువు అతనికి ఎత్తే హక్కు నాకు లేదు.