పెద్దమనుషుల పంచాయతీయు దాంపత్య చికిత్సయు

లాల్ బహదూర్ నగరులోని రంగారెడ్డి జిల్లా న్యాయస్థానముల ఆవరణములో ఏ పనిదినమున నిలిచి చూచినను ఈ దృశ్యము కానవచ్చును. ఒక మూల భార్యవైపు బంధువులు, మరియొక మూల భర్తవైపు బంధువులు, నడుమ వకీళ్లు. దంపతు లిద్దరును ఒకరి మొగ మొకరు చూడకుందురు. కోర్టు మెట్లెక్కుటకు పూర్వము మీకు లభించిన సహాయ మేమని అడిగినచో వీరు రెండే చెప్పుదురు: పెద్దమనుషుల పంచాయతీ ఒకటి, పోలీసు స్టేషనులో జరిగిన కౌన్సెలింగు రెండవది. మూడవ మార్గ మొకటి కలదనియు, దానిని చదివి నేర్చి వృత్తిగా సాగించువారు ఈ నగరముననే యున్నారనియు ఎరిగినవారు స్వల్పము.

పెద్దల మధ్యవర్తిత్వమును మేము తృణీకరింపము. అది ఎన్నో కాపురములను నిలిపినది. అయినను 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక తెలుగు దంపతుల వ్యవహారమును జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. వారి వివాహము 1999 ఏప్రిలులో జరిగెను. మరునాడే ఉభయపక్షముల పెద్దలకు తగవు పుట్టి, తిట్టుకొని, ఒకరిపై నొకరు చెప్పులు విసరుకొనిరి. వధూవరులు కాపురమే చేయకుండ విడిపోయిరి. అటుపిమ్మట ఫిర్యాదులు, క్రిమినలు కేసు, అప్పీళ్లు; తుదకు విడాకులు. ఆ తీర్పునందే న్యాయమూర్తులు, ఇట్టి తగవులను కుటుంబ న్యాయస్థానములు మధ్యవర్తిత్వమునకు పంపవలెననియు, దావా పడకముందే సంధానము జరుగుటకు మధ్యవర్తిత్వ కేంద్రములలో ఏర్పాటు చేయవలెననియు ఆదేశించిరి. చెప్పులు విసరినవారు పెద్దలు. పదునాలుగేండ్లు పోగొట్టుకొన్నవారు పిన్నలు.

హయత్‌నగరు ఒకప్పుడు హైదరాబాదునుండి బెజవాడకు పోవు బాటలోని ఊరు. గోలకొండ సుల్తానుల యింట పుట్టి, ఆ యింటనే మెట్టి, రాజమాతయై వ్యవహారములను చక్కబెట్టిన హయాత్ బక్షీ బేగము పేర వెలసినది. నేడది మహానగరమున కలసిపోయినది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములవారు, కృష్ణా గుంటూరు జిల్లాలవారు అచ్చట స్థలములు కొని స్థిరపడిరి. భర్త ఉదయమే లాల్ బహదూర్ నగరులో మెట్రో నెక్కి, నగరపు ఆవలి కొననున్న మాదాపురమునకు పోయి రాత్రికి గాని రాడు. భార్యయు ఉద్యోగస్థురాలే. ఇంటి అప్పునకు నెలనెల వాయిదా. ఊరిలోని తల్లిదండ్రులకు పంపవలసిన సొమ్ము. తగవు వచ్చినపుడు పొరుగింటి పిన్నమ్మ వచ్చి ఇద్దరికిని నాలుగు చీవాట్లు పెట్టిపోవు కాలము గతించినది. పొరుగిల్లు తలుపు వేసియుండును. ఫోను మాత్రము చేతిలో నుండును. ఆమె తన తల్లికి, అతడు తన తల్లికి అప్పటికప్పుడే సర్వమును నివేదింతురు. రెండు నిమిషములలో సమసిపోవలసిన మాట రెండు జిల్లాలకు ప్రాకును.

ఇట్టి దంపతులు తమ యొద్దకు వచ్చినపుడు దాంపత్య చికిత్సకులు తప్పెవరిదని అడుగరు. మీ యింట తగవు ఎట్లు మొదలై ఎట్లు ముగియునని అడుగుదురు. ఆమె ప్రశ్నించును, అతడు మౌనము వహించును. మౌనమును చూచి ఆమె గొంతు హెచ్చించును. హెచ్చిన గొంతు విని అతడు మేడపైకి పోవును. ఆమె దృష్టిలో అతడు లక్ష్యపెట్టనివాడు, అతని దృష్టిలో ఆమె గయ్యాళి. చికిత్సకులు ఈ చక్రమును కాగితముపై గీచి వారి ముందుంచుదురు. ఇప్పుడు శత్రువు భార్యయు కాదు, భర్తయు కాదు, ఆ చక్రము. దానిని ఎచ్చట ఆపవచ్చునో ఇద్దరును కలసి వెదకవలెను.

పిదప మూడు తరముల వంశవృక్షము వ్రాయింతురు. గోత్రప్రవరల కొరకు కాదు. ఎవరికెవరితో మాటలు లేవో, ఏ తాత త్రాగి ఇల్లు గుల్ల చేసెనో, ఏ తల్లి ఒంటిగా కుమారుని పెంచెనో తెలియుటకు. అమెరికా మానసిక వైద్యుడు ముర్రే బోవెను చెప్పిన సూత్ర మొకటి కలదు: ఇద్దరి నడుమ ఒత్తిడి భరింపరానిదైనపుడు వారు మూడవవారిని లోనికి లాగుదురు. ఆ మూడవవారు మన యింట తరచుగా అత్తగారు. ఒక్కొక్కచోట పదేండ్ల బిడ్డ. తల్లితో చెప్పవలసిన మాట కోడలిచేత చెప్పింపక కుమారుడే చెప్పుట, జీతముల లెక్క వారమున కొకమారు ఇద్దరును కూర్చుండి చూచుకొనుట, ఒకరు మాటలాడినపుడు రెండవవారు అడ్డుపడక విని, విన్నదానిని తమ మాటలలో తిరిగి చెప్పుట — ఇవి వారిచ్చు మందులు. వినుటకు అల్పములు. ఈ చివరిదానిని ఇంట నొకమారు ప్రయత్నించినవారికి దాని కష్టము తెలియును. చికిత్స పదిపండ్రెండు కూర్చుండుటలతో ముగియవచ్చును. కొందరికి అంతకు మించి పట్టును. అచ్చట చెప్పిన మాట బయటికి పోరాదు. టెలివిజనులో ఆలుమగల తగవును లోకమునకు వేడుకగా చూపుటకును దీనికిని పోలికయే లేదు.

విడిపోవలసినవారిని బలవంతముగా కలుపుటయు ఈ వృత్తి ధర్మము కాదు. విడిపోవునపుడు బిడ్డలను సాక్షులుగను, వార్తాహరులుగను వాడుకొనక విడిపోవుట ఎట్లో నేర్పుటయు ఇందు భాగమే.

ఇది పాశ్చాత్యుల పద్ధతి, మనకేల అనువారు కలరు. విద్యగా ఇది అచ్చటనే పెరిగినదనుట నిజము. కాని కుటుంబ కలహములకు ప్రత్యేక న్యాయస్థానములు కావలెనని ఈ దేశమున మొదట పట్టుపట్టినది రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. బాల్యముననే జరిగిన పెండ్లిని ఎరుక వచ్చిన పిదప తానే త్రోసిపుచ్చిన ధీర. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయిన వనిత. 1953లో చైనాలో అట్టి న్యాయస్థానములను చూచివచ్చి, న్యాయమూర్తులు ఛగ్లా, గజేంద్రగడ్కరులతోడను ప్రధాని నెహ్రూతోడను చర్చించెను. చట్టము 1984లో గాని రాలేదు; అప్పటికి ఆమె కన్నుమూసి మూడేండ్లయినది. ఆ చట్టపు 6వ సెక్షను ఆ కోర్టులలో కౌన్సెలరుల నియామకమునకు, 12వ సెక్షను నిపుణుల సాయమునకు వీలు కల్పించినది.

ఒక్క విషయమున మాకు రాజీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున వివాహితలలో నూటికి 36 మందికి పైగా భర్తచేతి హింసను చవిచూచినవారే. దెబ్బలు తిని వచ్చిన స్త్రీని 'సర్దుకొని పొమ్మ'ని పంపుట చికిత్స కాదు, పంచాయతీయు కాదు. దెబ్బకు వంత పాడుట. గృహహింస చట్టము క్రింద 2006లో చేసిన నియమములు, హింసకు సమర్థనము చెప్పుటకు కౌన్సెలింగులో తావులేదని స్పష్టముగా చెప్పుచున్నవి. అందుచేతనే శిక్షణగల చికిత్సకులు భార్యను, భర్తను వేరువేరుగా కలసి, ఇంట భయమున్నదా యని ముందుగా విచారింతురు. భయమున్నచోట ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టిన, ఆమె ఇచ్చట చెప్పిన నిజమునకు రాత్రి ఇంటిలో శిక్ష పడును. పోలీసు స్టేషనులో ఒక గంటలో ముగించు మందలింపునకు ఈ జాగ్రత్త తెలియదు. అది పోలీసుల దోషము గాదు, వారి విద్య వేరు.

దాంపత్య చికిత్సకుడని పేరు పెట్టుకొనుటకు కాలిఫోర్నియాలో 1963నుండియే లైసెన్సు కావలెను. మన దేశమున ఈ పేరునకు ప్రత్యేకమైన లైసెన్సు లేదు. బోర్డు ఎవరైనను కట్టవచ్చును. కావున పోవువారు ముందుగా వారి చదువును అడుగవలెను. క్లినికల్ సైకాలజిస్టైనచో పునరావాస మండలి రిజిస్ట్రేషను సంఖ్య యుండును. మానసిక వైద్యులును, ఆ శాఖలో శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలును ఈ పని చేయుచుందురు. అడుగుటకు సంకోచింపవలదు, కూరగాయలకు బేరమాడువారము, కాపురమును అప్పగించుచోట మొగమాట మేల? 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేసినచో మనోవ్యథకు తెలుగులోనే ఉచితముగా సలహా చెప్పుదురు. మొదటి అడుగునకు అది చాలును. దంపతు లిద్దరిని వారములకొలది ఎదుట కూర్చుండబెట్టుకొని చేయవలసిన పని ఫోనులో కాదు.

ప్రయివేటున రుసుము చెల్లింపగలవారికి దారి కలదు. హయత్‌నగరు చుట్టుప్రక్కల కూలి చేసుకొనువారికి, ఆటో నడుపువారికి, దుకాణములలో నిలుచుండి పనిచేయు స్త్రీలకు లేదు. వారికొరకు వనస్థలిపురము ఏరియా ఆసుపత్రిలో ఒక గది, లాల్ బహదూర్ నగరు కోర్టు ఆవరణములో ఒక గది, హయత్‌నగరులోనే ఒక గది కావలెను. వానిలో జీతమిచ్చి నియమించిన శిక్షణగల మనుష్యులుండవలెను. ఆలుమగ లిద్దరును పనికిపోవు ఇండ్లవారు పగటివేళ సెలవు పెట్టి రాజాలరు. కావున సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకును, ఆదివారము పూర్తిగను ఆ గదులు తెరచియుండవలెను. తలుపుపైన 'కుటుంబ తగాదాల విభాగము' అని వ్రాయకుండినచో మరికొందరు లోనికి వత్తురు.